సంచి అడుగున కమాన్ పట్టీ

కిందటి వానాకాలం గద్వాలలో వాళ్ల గల్లీలోకి మోకాటి లోతు నీళ్లొచ్చి, ఇంట్లో చెప్పులన్నీ పక్క గల్లీకి చుట్టపుచూపుగా వెళ్లాక జావేద్‌కు జ్ఞానోదయమైంది. ఇంట్లో ఆపద సంచి ఒకటి ఉండి తీరాలి. చీరల దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి అతను ఆ విద్యలో పండితుడయ్యాడు.

"బరువు ఉండొద్దు, తుప్పు పట్టొద్దు. గంతే," అంటూ ఒకరోజు పార్సిళ్లు విప్పాడు. తళతళలాడే స్టీలు సాధనం ఒకటి. కత్తి, పటకారు, స్క్రూడ్రైవరు అన్నీ దాని పొట్టలోనే మడిచి ఉన్నాయి. ఇంకొకటి నీలం రంగు అల్యూమినియం గడ్డపార. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

అతని భార్య రుబీనా డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. అయినా అల్యూమినియం సంగతి ఆమెకు బోధించింది మాత్రం వంటింట్లో సొట్టలు పోయిన గిన్నెలే. గడ్డపారను తిప్పి చూసి కింద పెట్టింది.

అత్తగారు షంషున్నీసా అలా ఊరుకునే మనిషి కాదు. "స్టీలంటే పళ్లేలకు బేటా. బక్రీదుకు గా కత్తి పట్కపోయి చూడు, మేక నవ్వి సస్తది."

అని, మంచం కింది నుంచి నూనెగుడ్డ చుట్టిన, చిన్న గడ్డపారలాంటి టైరు లివర్ తీసుకొచ్చింది. లారీ నడిపిన భర్త గౌస్ పాషా బతికుండగా అమరచింత కమ్మరితో చేయించుకున్నది. లారీ కింద బరువంతా మోసే కమాన్ పట్టీనే కాల్చి సాగదీసి చేసిన ఉక్కు అది. ఆ ఇంట్లో బక్రీదు కత్తులు కూడా కమాన్ పట్టీవే. వేరే కత్తి ఇస్తే కసాయి ముట్టుకోడు.

"ఇది ఎయ్యి సంచిల. మీ అబ్బాజాన్ దీంతోని ఎన్ని టైర్లు ఊడదీసిండో!"

"అమ్మీ, తుప్పు పడ్తది. బరువు గూడ."

"నూనె రాస్తే ఎందుకు పడ్తది? నేను రాస్తలేనా?"

"ఆపదల నూనె రాసుకుంట కూసుంటమా?"

రుబీనా ఎవరి పక్షమూ వహించలేదు. జావేద్ దుకాణానికి వెళ్లగానే లివర్‌ను సంచి అడుగున, తువ్వాళ్ల కింద పెట్టేసింది. ఒక సంచికి రెండు గడ్డపారలెందుకని నీలందాన్ని తీసి, అత్తగారి దోమతెరకు విరిగిన కర్ర స్థానంలో కట్టింది. రహస్యం బయటపడుతుందన్న బెంగ ఆమెకు లేదు. సజ్జ మీది సంచి దింపినా ఎక్కించినా తనే. బరువు గురించి అంత తెలిసిన జావేద్ ఫోన్ కంటే బరువైనది ఎత్తగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఈ ఏడు ముసురు పట్టింది. మధ్యాహ్నం షంషున్నీసా షుగరు మాత్ర వేసుకుని, "నమాజ్ చేసుకొని తింట, అన్నం తియ్యి," అని కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి బాత్రూంలోకి వెళ్లింది. వాన తాగి ఉబ్బిన చెక్క తలుపు ఆమె వెనకే బిగుసుకుంది. లోపల వేసుకున్న గడియా కదల్లేదు.

"రుబీనా, తలుపు మొండికేసింది!"

"గట్టిగ నూకండి అమ్మీ."

"నేను నూకుతున్న. అది నన్ను నూకుతున్నది."

రుబీనా నవ్వింది. కాసేపటికి లోపలి గొంతు పలచబడింది.

"కండ్లు తిరుగుతున్నయ్ బేటీ."

నవ్వు పోయింది. ఇంతకుముందోసారి మాత్ర వేసుకుని తినడం ఆలస్యమైతే ఆమె వంటింట్లోనే స్పృహ తప్పింది. ఇప్పుడు లోపల ఒక్కతే, తడి నేల మీద.

భోజనానికి వచ్చిన జావేద్ పరుగున వచ్చి పిడి లాగాడు. పిడి చేతికొచ్చింది. తలుపు బయటికి తెరుచుకునేది కాబట్టి తన్నీ లాభం లేదు.

"సంచి తే!"

స్టీలు సాధనాన్ని సందులో దూర్చి నొక్కాడు. అది తడి అప్పడంలా వంగింది.

"గడ్డపారేది? నీలంది!"

రుబీనా సంచిని బోర్లించింది. కొవ్వొత్తులు, తాడు, టార్చి, గ్లూకోజ్ పొట్లం దొర్లి, చివరికి లివర్ దబ్బున పడింది. జావేద్ దాన్ని చూశాడు, భార్యను చూశాడు.

"తర్వాత అడగండి. ముందు సందుల పెట్టండి!"

ఇద్దరూ కలిసి దాని మీద వాలారు. లివర్ ఇంచుకైనా వంగలేదు. తలుపు మూలిగింది, లోపలి గడియ మరలతో సహా ఊడొచ్చింది.

షంషున్నీసా బోర్లించిన బకెట్ మీద గోడకు ఒరిగి, చెమటతో తడిసి ఉంది. కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. రుబీనా గ్లూకోజ్ కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. అది జావేద్ తెచ్చిందే, పాపం. కాసేపటికి పెద్దామె ముఖంలో రంగు తిరిగింది. జావేద్ గడప మీద కూలబడ్డాడు.

ఆమె మొదటి మాట: "లివర్ తడిసిందా? తుడ్వుండ్రి."

జావేద్ లేచి, ఎవరూ చెప్పకుండానే కొబ్బరినూనె తెచ్చి లివర్‌కు ఒళ్లంతా పట్టించాడు. రాస్తూ రాస్తూ అడిగాడు. "మరి నీలంది ఏడవోయింది?"

రుబీనా ఇంటి పైకప్పు వైపు చూసింది.

"నా దోమతెర మోస్తున్నది," అంది షంషున్నీసా. "పండుకున్నప్పుడల్లా చూస్త. దానికి తగ్గ పని దొరికిందిలే."

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొస్తుందని ఇద్దరికీ తెలుసు.

అన్నాలయ్యాక జావేద్ సామానంతా సంచిలో సర్ది, లివర్‌ను తన చేత్తోనే అన్నిటికీ పైన పెట్టి, మొదటిసారిగా సంచిని తానే సజ్జ మీదికి ఎత్తబోయాడు. నడుం పట్టుకున్నాడు.

"ఇంత బరువుందేంది?"

"అయ్యో, మీకు తెల్వదా?" అంది రుబీనా, పళ్లేలు తీస్తూ.