ఇంజను మీద అరచెయ్యి

చలికాలంలో ఆ ఇంట్లో హీటరు పక్కన చోటు బ్యాటరీది. పొద్దుగూకగానే డ్రైవరు దాన్ని రొట్టెల వ్యానులోంచి ఊడదీసి, పాత శాలువా చుట్టి, పసిబిడ్డలా పడుకోబెట్టేవాడు. పెళ్ళాం తలుపు దగ్గర, సందులోంచి గాలి కొట్టే చోట పడుకునేది. బ్యాటరీకి జలుబు చేస్తే రొట్టెలు ఆగిపోతాయి. పెళ్ళానికి చేస్తే ముక్కు కారుతుంది, అంతేగా!

తెల్లారి బండి పనులన్నీ ఆమెవే. డీజిలు ఫిల్టరు కింద మర తిప్పి అడుగున చేరిన నీళ్లు వదలాలి, లేకపోతే గడ్డకట్టి డీజిలుకి అడ్డం పడతాయి. చలిగాలి కొట్టకుండా రేడియేటరు ముందు అట్టముక్క కట్టాలి. అద్దం మీద మంచు గీకాలి. ఆఖరున బానెట్ ఎత్తి ఇంజను మీద అరచెయ్యి ఆనించాలి. ఆమె ఒంట్లో వేడి ఇంజనులోకి దిగేది. ఇంజను వెచ్చబడిందని డ్రైవరు ముందు పసుపు లైటు ఆరేది. తాళం తిప్పితే బండి ఒక్క దగ్గు దగ్గి లేచేది.

ఇంజన్ని వెచ్చబెట్టే ప్లగ్గులు ఎప్పుడో కాలిపోయాయి.

"మార్చుకోవయ్యా," అనేవాడు మెకానిక్.

"ఇంట్లో ఇది ఉండగా ప్లగ్గులెందుకన్నా, దండగ!"

నిజమేనని మెకానిక్ తలూపేవాడు.

ఎండాకాలం వస్తే ఆమె వేడి ఆమెకి తిరిగొచ్చేది. ఏటేటా కాస్త తక్కువ. రాన్రానూ ఆమె పట్టుకున్న గ్లాసులో టీ చల్లారిపోవడం మొదలైంది. జడ వెయ్యబోతే కూతురు మెడ ముడుచుకునేది. "ముట్టుకోకే అమ్మా, చలి!"

"మొగుడి బండికి చెయ్యి పెట్టడం కూడా ఓ కష్టమేనా?" అనేది అత్త, తన చేతులు చంకల్లోంచి తియ్యకుండా.

ఒక పొద్దున బండి లేవలేదు. ఆమె ఎంతసేపు చెయ్యి ఆనించినా లైటు ఆరలేదు. డ్రైవరు దిగొచ్చి ఆమె నీలిగోళ్లు చూశాడు. తర్వాత గుమ్మంలో రొట్టె కొరుకుతున్న కూతుర్ని చూశాడు.

"పాప చెయ్యి వెచ్చగా ఉంటుందిగా. ఇలా రా తల్లీ, ఒక్క నిమిషం."

"పాలపళ్లయినా ఊడలేదు దానికి!" అంది ఆమె.

"అలవాటైపోతుందిలే. నీకు కాలేదూ?"

"నేర్చుకోనీ," అంది అత్త. "రేపు దాని మొగుడికీ ఓ బండి ఉంటుంది."

నాన్న బండి ముట్టుకోనిస్తున్నాడని పాప సంబరంగా పరిగెత్తుకొచ్చింది. ఆ చిన్న చెయ్యి ఇంజను దాకా రాకముందే తల్లి తన రెండు అరచేతులూ ఇంజను మీద వేసింది. ఇన్నేళ్లూ ఇచ్చిన వేడిని ఆ దారినే ఈసారి వెనక్కి లాగింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. మోచేతులు కాలాయి. ఒక్కో చలికాలంలో పోగొట్టుకున్న వేడీ తిరిగొచ్చి ఒంట్లో కూర్చుంది. నుదుట చెమట పట్టింది. ఇంజను లోపల ఏదో ఫెళ్లుమంది. అట్టముక్క మీద మంచు పేరుకుంది.

"ఏం చేశావే?"

"నాది నేను తీసుకున్నా. నీది పెట్టుకో."

పెట్టాడు. రెండు చేతులూ పెట్టాడు, చెంప కూడా ఆనించాడు. కొడుకు బాధ చూడలేక అత్త కూడా చంకల్లోంచి చేతులు తీసి పెట్టింది. పసుపు లైటు అలాగే వెలుగుతోంది. ఆ చేతుల్లో వేడి లేక కాదు. ఎన్నడూ ఎవరికీ ఇచ్చి ఎరగవు, బయటికి దారే లేదు.

ఆమె కూతుర్ని లోపలికి తీసుకెళ్లి, హీటరు పక్కన బ్యాటరీ చోట్లో కూర్చోబెట్టి, చెంప మీద చెయ్యి వేసింది.

పాప అలవాటు చొప్పున మొహం తిప్పేసుకుంది.

ఆమె చెయ్యి తియ్యలేదు.