ఒకే తీగ మీద రెండు వాటాలు

మొదట కుట్టుమిషను మోటారు పోయింది. పాతదే కదా అని పెద్దకోడలు సరిపెట్టుకుంది. తర్వాత మిక్సీ కమురు వాసన కొట్టి ఆగిపోయింది. ఈ ఉదయం ఫ్రిజ్ ఒక్కసారి గుర్రుమని మూగబోయేసరికి ఆమెకు ఓపిక నశించింది.

పొద్దున్నే పైవాటా వాళ్లు స్నానాలకు గీజరు వేసే వేళకే కింద బల్బులు కళ్లు జిగేల్‌మనేలా వెలగడం ఆమె గమనిస్తూనే ఉంది. పైన ఉండేది మరిది, తోడికోడలు. పైన ఆరేసిన బట్టల నీళ్లు కింద బట్టల మీద కారాయని మొదలైన మాట చిలికి చిలికి గాలివానై, రెండు వాటాల మధ్య పలకరింపులు ఆగిపోయి ఏడాది దాటింది.

"వాళ్లే ఏదో చేస్తున్నారు," అంది భర్తతో.

"కరెంటుకి పగలూ పంతాలూ ఏం తెలుస్తాయే! ఊరుకో," అని ఆయన పనికి వెళ్లిపోయాడు.

ఆమె ఊరుకోలేదు. మెట్లెక్కి తలుపు కొట్టింది.

"పైన ఏం చేస్తున్నారు మీరు? నా సామానంతా కాలిపోతోంది!"

తోడికోడలు తెల్లబోయింది. "మేమా? మా లైట్లే ఆముదం దీపాల్లా గుడ్డిగా ఉన్నాయి. వాషింగ్ మిషను తిరగనంటోంది. కరెంటంతా మీరే లాగేస్తున్నారని రోజూ మీ మరిదితో అంటున్నా, అక్కా."

'అక్కా' అన్న మాట అలవాటు కొద్దీ నోరు జారింది.

"సరే, చూద్దాం. నేను కిందికెళ్లి అన్నీ పీకేసి ఒక్క బల్బే ఉంచుతా. నువ్వు గీజరు వెయ్," అంది పెద్దామె.

"వేశానక్కా! ఇక్కడ లైటు డిమ్మైపోయింది!" అని పైనుంచి కేక వినిపించింది.

"ఇక్కడ మండిపోతోంది! ఆపు, ఆపెయ్!"

ఫోను చేస్తే మధ్యాహ్నానికి కరెంటాఫీసు మనిషి వచ్చాడు. గోడమీద పెట్టె తెరిచి చూసి, రెండు వాటాలకూ కలిపి ఉన్న న్యూట్రల్ తీగ ఊడిందన్నాడు. అది ఊడితే ఒకరికి తగ్గినంతా రెండోవారికి పెరుగుతుందట. మాడిన కొస కత్తిరించి, గట్టిగా బిగించి వెళ్లిపోయాడు.

బల్బులు దారికొచ్చాయి. ఫ్రిజ్ మాత్రం లేవలేదు.

"పాలు విరిగిపోతాయి, ఇలా ఇవ్వండి," అంటూ తోడికోడలు గిన్నెలన్నీ పైకి చేరవేసింది. తప్పు నాదని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

సాయంత్రం భర్త వచ్చి చొక్కా విప్పి కాఫీ అడిగాడు.

"పాలు మీ తమ్ముడింట్లో ఉన్నాయి. కావాలంటే వెళ్లి తెచ్చుకోండి."

ఆయన కాసేపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కుని, మెట్లెక్కాడు.