ఎక్స్‌రేలో తెల్ల చుక్క

బిడ్డ పంపిన ఫోటో చూసి పూలమ్మ బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టేసింది. అంతా నలుపు, నడుమ తెల్ల చుక్క. కింద రమ రాసింది: "అమ్మా, నా మొదటి ఎక్స్‌రే! మంచిగొచ్చింది కదా?"

సెంటినరీ కాలనీలో ఎక్స్‌రే అంటే ఛాతీదే. బొగ్గుబాయి పనోళ్లకు దవాఖానలో తీసేది అదే. దాంట్లో తెల్ల మచ్చ కనబడితే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగదు. పూలమ్మ ఫోనును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది, మొగని ఫిల్ములు చూసినట్టే. పొరుగు రాష్ట్రంలో లేజర్ల దగ్గర పరిశోధన చేసే పిల్లకు దుమ్మురోగమేంది? రోగమొస్తే మంచిగొచ్చిందని సంబరమేంది?

వెంటనే ఫోన్ చేసింది.

"దగ్గు ఎప్పటి సంది?"

"దగ్గేందమ్మా?"

"దాపెట్టకు. సదువు ఆడనే ఇడిచిపెట్టి ఇంటికొచ్చెయ్."

రమ పకపకా నవ్వింది. "అది నాది కాదే, ప్లాస్మాది."

"ఎవలామె? నీ రూముల ఉండే పిల్లనా?"

"మనిషి కాదమ్మా! చిన్న రేకు మీద లేజర్ కొడ్తం. రేకు ఆవిరై, ఇంకా కాగి, వెలిగే మబ్బయితది. అదే ప్లాస్మా. దాన్నుంచొచ్చే ఎక్స్‌రేలతోని దాని ఫోటో తీస్తం. సూర్యుని లోపలి మంట లాంటిది ఇక్కడ పుట్టించి, ఎన్నడన్నా కరెంటు తియ్యాలని."

"సూర్యుని మంటనా? నువ్వు పక్కన నిలబడ్తవా?"

"తలుపేసి బయటుంటం."

"మరి ఫోటో ఎవలు తీసిండ్రు?"

"కెమెరా లోపలుంటది."

"అది కాలదా?"

"రెప్ప కొట్టేలోపల ఆ మంటే ఉండదమ్మా."

"ఉండనిదానికి ఫోటో ఎందుకే?"

అప్పుడే బాయి డ్యూటీ దిగి వచ్చిన మొగడు ఎల్లేశం ఫోను గుంజుకొని ఆ ఫోటో చూసిండు. "ఛాతీ అయితే పక్కటెముకల బొక్కలు ఏవే, పిచ్చిదానా?"

నిజమే, ఒక్క బొక్కా లేదు. పూలమ్మ గుండె కొంచెం కుదుటపడ్డది. మరుక్షణమే ఆ మంట గుర్తొచ్చి మళ్లీ జారింది. ఫోను తిరిగి తీసుకున్నది.

"అమ్మా, రేపు మళ్ల పెద్ద ప్రయోగముంది," అన్నది రమ. "ఉండాల్నా, రావాల్నా? నువ్వే చెప్పు."

పూలమ్మకు రేకు అర్థం కాలేదు, మబ్బు అర్థం కాలేదు. తలుపొక్కటే అర్థమైంది.

"ఆ తలుపు సరిగ్గ పడకపోతే?"

"పడకపోతే లేజర్ రానే రాదు. గట్ల కట్టిండ్రు."

పూలమ్మ కింద పెట్టిన చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకున్నది.

"ఉండు అయితే," అన్నది చివరికి. "కానీ తలుపు నువ్వే వెయ్యి. ఇంకోళ్ల మీద ఇడువకు."