దొంగనోట్ల దీపం

పెనుగంచిప్రోలు హైస్కూల్లో దేవిశ్రీ గొంతు సరిగ్గా విన్నవాళ్లు తక్కువ. హాజరు పిలిస్తే పలికేది. అయినా మాస్టారికి వినపడక ఆబ్సెంట్ వేసిన రోజులున్నాయి. అలాంటి పిల్ల పెద్దమ్మ కూతురు కృష్ణప్రియ వెంట జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కింది. హైదరాబాదులో పరిశోధన చేస్తున్న అక్క, నందిగామ ఆడపిల్లల బడిలో తన పని గురించి చెప్పబోతోంది. "సీసాలు అందిస్తే చాలు, నువ్వు మాట్లాడక్కర్లే" అన్నాకే దేవిశ్రీ ఒప్పుకుంది.

అవి మూడు బుల్లి సీసాలు. వాటిలో కంటికి ఆనని సెమీకండక్టర్ చుక్కలున్నాయట. వెంట్రుక మందంలో వేలకొద్దీ పడతాయట. క్వాంటమ్ చుక్కలంటారు వాటిని. ఊదా కాంతి తగిలితే వెలుగుతాయని విన్నప్పటి నుంచీ దేవిశ్రీకి కాలు నిలవడం లేదు.

తీరా బడికెళ్లి సంచి విప్పితే, ఊదా దీపం ముక్కలై ఉంది. బస్సు కుదుపులకి పగిలినట్టుంది.

"పోనీలేమ్మా, బోర్డు మీద బొమ్మేసి చెప్పెయ్" అంది హెడ్మిస్ట్రెస్ జయమణి.

కృష్ణప్రియ ముఖం వాడిపోయింది. "బొమ్మలు పుస్తకాల్లోనూ ఉంటాయండీ. కళ్లారా చూస్తారని ఇంతదూరం తెచ్చా."

దేవిశ్రీ సీసాల వైపు చూసింది. చూడకుండానే వెనక్కి పోవాలా? నిన్న జగ్గయ్యపేటలో పెదనాన్న కొట్లో చూసిన లైటు గుర్తొచ్చింది. దాని కింద నోటు పెడితే అంకెలు మెరిశాయి. అక్క చెవిలో గుసగుసగా చెప్పింది, "దొంగనోట్లు పట్టే లైటు కూడా ఊదాదే కదక్కా?"

"అబ్బ, అవును! ఎదురుగా బట్టల కొట్టుంది. పరిగెత్తు!"

"నేనా?"

"సీసాలు వదిలి నేనెలా రాను? నువ్వే."

కొట్టు యజమాని సాంబయ్య గల్లాపెట్టె ముందున్నాడు.

"లైటు... కావాలండీ."

"ఏంటమ్మాయ్? అలా లోపల్లోపల జపం చేస్తే నాకేం తెలుస్తుంది?"

దేవిశ్రీ కళ్లు మూసుకుని అరిచింది. "నోట్లు చూసే లైటు కావాలండీ! బడిలో పది నిమిషాలు!"

చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు.

"బడిపిల్లల దగ్గర దొంగనోట్లా!" అని నవ్వి, సాంబయ్య లైటు ఊడదీశాడు. "పద, నేనూ వస్తా. ఇది నా చెయ్యి దాటదు."

తిరిగొచ్చేసరికి బడి హాలంతా సంతగోల. జయమణి గారి మాటే ఎవరూ వినడం లేదు. ఇక ఆగలేకపోయింది దేవిశ్రీ.

"కిటికీలు వేయండి! లైట్లు ఆపండి! ఇటు చూడండి!"

గోల ఠక్కున ఆగింది. చీకటైంది. సాంబయ్య మీట నొక్కాడు.

మొదటి సీసా చిలకపచ్చ. రెండోది పసుపు. మూడోది పండుమిరప ఎరుపు. నిప్పు లేదు, వత్తి లేదు, నీళ్లలాంటి ద్రవం భగభగలాడిపోతోంది. పిల్లలంతా "ఓ..." అన్నారు.

"ఇలాంటి చుక్కల్నే ఎల్ఈడీ బల్బులో ఉండేలాంటి పలచని డయోడ్ పొరల మధ్య పెంచి కరెంటిస్తాం" అంది కృష్ణప్రియ. "వెలుగు ఒక్కో రవ్వగా బయటికి రావాలి. ఆ రవ్వలతో పంపిన కబురును మధ్యలో ఎవరు తొంగిచూసినా రవ్వ చెదిరి మనకు తెలిసిపోతుంది. అదే నా పని."

"మూడింట్లోనూ వేరేవేరే రంగులు కలిపారా అక్కా?" అంది ముందు వరసలోంచి ఒక పిల్ల.

కృష్ణప్రియ నోరు తెరిచేలోపే, బస్సులో అక్క చెప్పింది గుర్తున్న దేవిశ్రీ అందుకుంది. "రంగేం కలపలేదు! పదార్థం ఒకటే. చుక్క చిన్నదైతే పచ్చ, కాస్త పెద్దదైతే పసుపు, ఇంకా పెద్దదైతే ఎరుపు. సైజు మారితే రంగే మారిపోద్ది!"

ఆ మాట వెనక గోడ దాకా వెళ్లింది.

"ఇందాక జపం చేసిన పిల్లేనా ఇది?" అన్నాడు సాంబయ్య, లైటు ఆర్పబోతూ.

"ఆర్పకండి బాబాయిగారూ! వెనక వరస వాళ్లింకా దగ్గర్నుంచి చూడలేదు."

సాంబయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.