కోతగది ఇంగ్లీషు

రొట్టెల ఫ్యాక్టరీలో కోతగది మేస్త్రమ్మకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. రొట్టెకు ఇంగ్లీషుతో పనేముంది? వేడి రొట్టె మీద బ్లేడు పెడితే గుజ్జవుతుంది, మూడు గంటలు ఆరనిస్తే ముక్క ముక్కగా విడుతుంది. ఏ రొట్టె ఆరిందో, ఏది ఆరలేదో ఆవిడ వేలితో ఒత్తి చెప్పేస్తుంది. ఆవిడ చేతికింద ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఆ గదిలో ఆవిడ ఆడింది ఆట, పాడింది పాట.

కొత్త మేనేజరు వచ్చాక కథ మారింది. ఆయనకు తెలుగు రాదు. మధ్యలో మాట చేరవేసేవాడు ఆఫీసు గుమస్తా. మన గోడు కొండంత వెళ్ళబోసుకున్నా ఆ మహానుభావుడు తలూపుతూ విని, మేనేజరు వైపు తిరిగి, "ఆల్ ఓకే సర్" అంటాడు. అందుకే ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ఓకేబాబు అంటారు. పంకా తిరగడం లేదన్నా ఓకే, బ్లేడు తగిలి ఒకామె వేలికి నాలుగు కుట్లు పడ్డాయన్నా ఓకే. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఒక సోమవారం పొద్దున గోడ మీద నోటీసు వెలిసింది. ఒకటో తారీకు నుంచి రొట్టెలు కోయరు, దిమ్మగానే అమ్ముతారు. చుట్టే కాగితం ఖర్చు, కరెంటు ఖర్చు కలిసొస్తాయి. కోతగది మూత. ఆ తొమ్మిది మందీ పిండి గోడౌనుకు వెళ్ళి బస్తాలు మోయాలి. అభ్యంతరాలుంటే వచ్చే వారం శుక్రవారం మేనేజరుకు చెప్పుకోవచ్చు.

"ఓకేబాబు నోటితో చెప్పించుకుంటే మనం బస్తాల కింద పడి చస్తాం. నేనే మాట్లాడతాను, ఇంగ్లీషులో!" అంది మేస్త్రమ్మ. గదిలో ఒక్కరూ నవ్వలేదు, వాళ్ళకు అంత భయమేసింది.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినది కోడలు ఒక్కతే. ఒకప్పుడు బడిలో చరిత్ర చెప్పేది. సాయంత్రం పాపకు అన్నం తినిపిస్తూ అత్తగారి మాట విని, లోపలికెళ్ళి, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తెచ్చింది. అమెరికా చరిత్ర.

"ఇదెందుకే? ఆపిలూ బాలూ చెప్పు."

"అలా మొదలుపెడితే శుక్రవారానికి క్యాట్ దగ్గర ఉంటాం అత్తయ్యా. మీకు కావలసింది గవర్నమెంటుతో దెబ్బలాడే ఇంగ్లీషు. వాళ్ళ గవర్నమెంటు ఏ పని చేసి జనం చేత తిట్లు తిందో అవన్నీ ఇందులో ఉన్నాయి. తిట్టుకొక మాట నేర్పుతాను."

అలా మొదలైంది చదువు. ఒకప్పుడు సారాయి అమ్మకూడదన్నారు, అది బ్యాన్. పదమూడేళ్ళు తంటాలుపడి, దొంగసారా ఏరులై పారాక, ఆ చట్టాన్ని వాళ్ళే ఎత్తేశారు, అది రిపీల్. అలాస్కా అనే మంచుదిబ్బను కొంటే జనం పగలబడి నవ్వారు, అది పర్చేజ్. తర్వాత అక్కడ బంగారం దొరికితే నవ్విన నోళ్ళే మూతపడ్డాయి.

మేస్త్రమ్మ నేర్చినది నేర్చినట్టే ఇంట్లో వాడేసేది. భర్త మూడోసారి కాఫీ అడిగితే "వీటో" అంది. ఆయన పేపరు పక్కన పెట్టి, "ఇంగ్లీషు రాకముందు మాత్రం ఇచ్చేదానివా?" అన్నాడు.

ఐదో రోజు పాఠం మాత్రం వేరేగా సాగింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, జపాను మూలాలున్నవాళ్ళని లక్షా ఇరవై వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళు చేసిన నేరమేమీ లేదు.

"అయ్యో! మరి తర్వాత?"

"తప్పయిందని ఒప్పుకున్నారు. దాన్ని అపాలజీ అంటారు. నలభై ఆరేళ్ళు పట్టింది."

"నలభై ఆరేళ్ళా! అంత చిన్న మాటకా?"

కోడలు పేజీ తిప్పింది. పాప పుట్టిన నెలలో, కోడలు ఇక ఇంటిపట్టునే ఉంటుందని తేల్చి, కొడుకు చేత బడికి రాజీనామా పంపించింది మేస్త్రమ్మే. అప్పటికి బాలింత నిద్రలో ఉంది. రెండేళ్ళయింది. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చిందో లేదో గాని, ఆ సాయంత్రం పాఠం అక్కడితో ఆగిపోయింది.

చివరిరోజు కోడలు పరుగున వచ్చింది. "అత్తయ్యా, దొరికింది! అదే యుద్ధంలో వాళ్ళు, ముక్కలు కోసి అమ్మే రొట్టెనే బ్యాన్ చేశారు!"

శుక్రవారం మేస్త్రమ్మ మేనేజరు గదిలో అడుగుపెట్టింది. ఓకేబాబు అప్పటికే కుర్చీ లాక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"హౌ ఆర్ యూ?" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

పలకరింపులు ఆవిడ సిలబస్‌లో లేవు.

"ఐ అపోజ్!" అంది.

ఓకేబాబు చేతిలో పెన్ను జారి కింద పడింది. ఆవిడ ఆగలేదు. ఆగితే మరిచిపోతానని భయం.

"నైన్టీన్ ఫార్టీత్రీ సర్. అమెరికా గవర్నమెంట్ బ్యాన్ స్లైస్డ్ బ్రెడ్. పీపుల్ ప్రొటెస్ట్. టూ మంత్స్ నాట్ ఫుల్. రిపీల్!"

మేనేజరు నమ్మలేదు. ఫోను తీసి వెతికాడు. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకెక్కాయి. పిల్లల డబ్బాలకు అన్నేసి ముక్కలు చేత్తో కోయలేనని ఒక ఇల్లాలు పత్రికకు రాసిన ఉత్తరం దాకా చదివి, ఫోను పక్కన పెట్టాడు. మీవాళ్ళంతా ఇష్టపడి గోడౌనుకు వెళతామన్నారట కదా అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. అందులో అగ్రీ అన్న మాట ఆవిడకు పట్టుబడింది.

"నో అగ్రీ సర్. నోబడీ ఆస్క్."

మేనేజరు ఓకేబాబు వైపు తిరిగాడు. ఓకేబాబు కిందపడ్డ పెన్ను కోసం శ్రద్ధగా వెతకసాగాడు.

తర్వాత మేనేజరు లేచి నిలబడి, "యూ ఆర్ రైట్. ఐ డిడ్ నాట్ ఆస్క్. ఐ అపాలజైజ్" అన్నాడు. నోటీసు తెప్పించి ఆవిడ ఎదుటే చింపేశాడు.

ఇంతా చేస్తే ఆ మాటకు నిమిషం పట్టింది.

వెళ్ళబోతుంటే ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగాడు. "మై కోడలు సర్. హిస్టరీ టీచర్!" అంది గర్వంగా. ఏ స్కూలు అన్నాడాయన. ఆ ప్రశ్న కూడా ఆవిడకు చక్కగా అర్థమైంది. నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

కోతగదిలో ఎనిమిది మందీ ఆవిణ్ణి ఎత్తినంత పని చేశారు. ఆవిడ నవ్విందే గాని, మనసు అక్కడ లేదు.

ఇంటికి రాగానే కోడలు ఎదురొచ్చింది. "రిపీల్ చేశారా అత్తయ్యా?"

"చేశాడమ్మా." చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది మేస్త్రమ్మ. "ఆ రాజీనామా పంపేటప్పుడు నిన్ను అడగలేదు కదూ?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళాలనుందని ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా అనలేదేమే?"

"మీరు అడగలేదుగా."

మేస్త్రమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. తప్పు చేశానన్న మాట ఇంగ్లీషులో వచ్చు గాని, ఇది ఇంగ్లీషులో చెప్పే మాట కాదు.

"తప్పు చేశానమ్మా. నీ బడి, నీ చదువు, మధ్యలో నేనెవర్ని? ఇప్పుడడుగుతున్నాను. మళ్ళీ వెళతావా?"

"ఆ పోస్టులోకి వేరే ఆవిడ వచ్చేసిందత్తయ్యా." అంది కోడలు. "ఇంకో బడి చూసుకోవాలి."

"చూసుకో. పాప సంగతి నీకెందుకు, మీ మామయ్య చూసుకుంటారు."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మామయ్యగారిని అడిగారా?"

మేస్త్రమ్మ నాలిక్కరుచుకుంది. పక్కగది వైపు తిరిగి, "ఏవండీ, ఒక్కసారి ఇలా వస్తారా? మిమ్మల్ని ఒక మాట అడగాలి" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నడూ వినని ఆ పెద్దమనిషి, చేతిలో పేపరుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? ఎవరికేమైంది?"