స్వభావం పెట్టిన సెలవు

దుప్పటి రెండో కొస పట్టుకునేవాళ్లు లేక, ఒక కొసను గడ్డం కింద నొక్కిపెట్టి ఆమె మడతపెడుతుంటే భర్త అన్నాడు, "అమ్మ రెండు రోజులనుంచి ముభావంగా ఉంది. కాస్త కనుక్కో. నీకైతే చెబుతుంది."

ఆ అమ్మ ఉన్నది పక్కగదిలోనే. కొడుక్కీ తల్లికీ మధ్య ఒక్క గోడ. పద్దెనిమిదేళ్లుగా ఆ గోడకి తలుపు ఈమే. కనుక్కోవడం కొనుక్కోవడం కంటే తేలికని ఆ ఇంటి నమ్మకం.

ఆఫీసులోనూ అదే కొలువు. పాత వీధుల్లో కొత్త నీటిగొట్టాలు వేసే ప్రాజెక్టు. భూమిలోని పాత గొట్టాలు ఎక్కడ మలుపు తిరిగాయో సగం కాగితాల మీద ఉంది, సగం అక్కడ చాలాకాలంగా పటాలు గీస్తున్న నక్షాల మాస్టారి బుర్రలో ఉంది. ఏడాది కిందట మీటింగులో పెద్దసారు ఆయన్ని, జ్ఞాపకాలు కాదు ఆధారాలు తెమ్మని అందరి ముందూ కసిరాడు. ఆనాటితో మాస్టారి నోటికి కుళాయి కట్టేసినట్టయింది. అడిగితే చెప్పడని ఆమెకి అర్థమైంది. రోజూ మూడింటికి టీ పట్టుకెళ్లి పక్కన కూర్చుని, నోటుపుస్తకంలో ఒక గొట్టాన్ని కావాలని తప్పుగా గీసేది. తప్పు గీత చూస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. పెన్సిలు లాక్కుని దిద్దేవాడు. దిద్దుతూ దిద్దుతూ వీధి మొత్తం చెప్పేసేవాడు. అలా పుస్తకం నిండింది.

ఈ నెల పెద్దసారు, తెలిసినవాళ్ల దగ్గర వివరాలు రాబట్టడానికి విజ్ఞాన సమన్వయకర్త అని కొత్త పదవి పెట్టి, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇంజినీరుకి ఇచ్చాడు. సమన్వయం ఆమెది, కర్త అతను. తనకెందుకు ఇవ్వలేదని అడిగితే పెద్దసారు మెచ్చుకోలుగా నవ్వాడు. "నువ్వు చేసేది పని కాదమ్మా. నీ స్వభావం."

ఆమె పుస్తకం అతనికి అప్పగించింది.

ఈ మధ్యాహ్నం కర్తగారు ఆ పుస్తకం పట్టుకెళ్లి, అందులో లేని ఏడో వీధి మలుపు చెప్పమని మాస్టారిని నిలబడే అడిగాడు. ఆధారాలు చూసుకోమని చెప్పి మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. రేపే అక్కడ తవ్వకం. పెద్దసారు స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒకసారి కనుక్కురామ్మా. నీకైతే చెబుతాడు."

పొద్దున దుప్పటి దగ్గర విన్న మాటే, చొక్కా మార్చుకుని వచ్చింది.

"స్వభావం ఇవాళ సెలవు పెట్టిందండీ," అంది ఆమె, నెమ్మదిగానే. "ఉద్యోగమైతే కాగితం మీద రాసివ్వండి. ఇప్పుడే వెళ్తాను."

పెద్దసారు తవ్వకం రెండు రోజులు ఆపమని ఫోను చేయడానికి వెళ్లాడు. కాగితం రాలేదు. ఆమె తన నక్షాలు ముగించుకుని వేళకి ఇల్లు చేరింది.

ఆరిన బట్టలు తీస్తుంటే భర్త అడిగాడు, కనుక్కున్నావా అని. లేదంది. పక్కగదేగా, మీరే వెళ్లండంది. అతను గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"ఏమని అడగాలి?"

పద్దెనిమిదేళ్లలో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆమె రెండో దుప్పటి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏమీ అడక్కండి. అత్తయ్యకి ఒక కొస ఇచ్చి, మీరు తప్పుగా మడతపెట్టండి. మిగతాదంతా ఆవిడే చెబుతారు."