జానెడు ఎడం

ఆ బజారులో ఆయన్ని అందరూ ‘నవ్వండి మాస్టారు’ అనేవాళ్లు. మొహం గంటు పెట్టుకుని, కెమెరా వెనక నుంచి ‘నవ్వండి’ అని గదమాయించేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయన నవ్వగా చూసినవాళ్లు మాత్రం ఆ వీధిలో లేరు. మనుషులంటే ఆయనకు అంత లోకువ.

ఆ లోకువకు కారణం లేకపోలేదు. స్టూడియో మెట్ల దాకా తిట్టుకుంటూ వచ్చినవాళ్లు తెర ముందుకు రాగానే భుజాల మీద చేతులు వేసుకునేవాళ్లు. ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చి, “మాస్టారూ, ఇందులో మా మరిదిని తీసేయండి, మాకూ వాళ్లకూ మాటల్లేవు” అనేవాళ్లు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని మరిదిని తీసేసి, ఆ జాగాలో పూలకుండీ పెట్టేవాడు. వాళ్లు మళ్లీ కలిసిపోతే పూలకుండీని తీసేసి మరిదిని పెట్టేవాడు. ‘ఛీ, ఇదీ ఒక బతుకేనా’ అనుకుంటూనే ఆ పని ఎంతో శ్రద్ధగా చేసేవాడు.

తన ఇంటి సంగతి వేరని ఆయన నమ్మకం. ఆయన భార్యకు ఇది రెండో పెళ్లి. వచ్చేటప్పుడు మొదటి భర్త వల్ల పుట్టిన కూతుర్ని వెంట తెచ్చుకుంది. అప్పటికి పాలపళ్లు ఊడుతున్న పిల్ల. మొదటిరోజు ‘నాన్నా’ అని పిలవబోతే, “అంకుల్ అను, చాలు” అన్నాడు మన మహానుభావుడు. తిండికీ బట్టకీ చదువుకీ లోటు చేయలేదు. ఆ ముక్క ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పుకునేవాడు కూడా. ఏటా పెళ్లిరోజున ముగ్గురూ తెర ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లు. అది స్టూడియో అద్దాల బీరువాలోకి ఎక్కేసరికి ఇద్దరే మిగిలేవాళ్లు. ‘ఫ్రేము సైజుకు పట్టలేదు’ అనేవాడు. ఆ ఫ్రేములు చేయించేది ఆయనే. ఒక ఏడాది పిల్ల తల్లిని ఆనుకుని నిలబడడంతో, కత్తిరింపులో భార్య భుజం కూడా కాస్త తెగిపోయింది. దానికి ఆ రోజంతా పిల్ల వింటుండగానే సణిగాడు.

ఇప్పుడా పిల్ల చదువు ముగించి, దూరపు ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగం సంపాదించుకుంది. ఆదివారం ప్రయాణం.

“అది వెళ్లేలోపు ముగ్గురం ఉన్న ఫొటో ఒకటి, కత్తిరించకుండా, దాని చేతికివ్వండి. ఇంకేమీ అడగను మిమ్మల్ని” అంది భార్య.

“లైబ్రరీలో ఫొటోల ఎగ్జిబిషన్ ఉంది, అది కానీ, చూద్దాంలే. నాకు అవతల పక్షుల పని ఉంది” అన్నాడాయన.

మనుషుల మీద రోత పుట్టి ఆయన పక్షుల్లో పడ్డాడు. ఊరి బయట మంచినీళ్ల రిజర్వాయరు గట్టున అడవి పెద్దబాతులు గూళ్లు పెట్టుకుంటాయి. ఆకుల బొమ్మల చొక్కా, ఆకుల బొమ్మల టోపీ, మోచెయ్యంత లెన్సు వేసుకుని తెల్లారేసరికి అక్కడ వాలిపోయేవాడు. ఆ వేషంలో తనను ఏ ప్రాణీ గుర్తుపట్టలేదని ఆయన ధీమా. పంపుహౌసు వాచ్‌మన్ గట్టు అవతలి నుంచే గుర్తుపట్టి చెయ్యూపేవాడు. ఎవరైనా ‘బాతుల ఫొటోలు తీస్తున్నారటగా’ అంటే ఒంటికాలి మీద లేచేవాడు.

“బాతులు కావు, పెద్దబాతులు! తేడా తెలిసి చస్తే కదా మీకు! ఒకసారి జతకడితే చచ్చేదాకా విడిపోవు. తల్లి ముందు నడుస్తుంది, పిల్లలు వరసగా మధ్యలో, తండ్రి వెనక కాపలా. మీ సంసారాల్లాగా పొద్దున కలిసి సాయంత్రానికి విడిపోయే బాపతు కాదు.”

ఆయన వెంటపడిన జంటకు ఐదు పిల్లలు. ఒకే ఈడువి, దువ్వి కూర్చోబెట్టినట్టు ముచ్చటగా ఉండేవి. వాటి వెనక ఆరోది ఒకటి తగలడింది. చిన్నది, వేరే గూటిది. దాని తల్లిదండ్రులు ఏమయ్యారో ఏమో, ఈ వరస చివర చేరి తండ్రి కాళ్లకు అడ్డం పడుతూ నడిచేది. ఫొటో అందం చెడగొడుతోందని మాస్టారు దాన్ని ప్రతి ఫొటోలోనూ కత్తిరించేశాడు. ఆ విద్యలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

చివరికి ఒక ఫొటో దొరికింది. మగపక్షి మెడ నేలబారుగా చాచి, ముక్కు బార్లా తెరిచి, ఆ ఆరోదాని మీదికి అరుస్తోంది. మాస్టారుకు ప్రాణం లేచొచ్చింది. గోడంత ప్రింటు తీయించి, కింద అట్టముక్క మీద ‘పరాయిది పరాయిదే’ అని వేయించి, లైబ్రరీ హాల్లో ఎగ్జిబిషన్‌కు పెట్టాడు. మొదటి బహుమతి వచ్చింది. ఆ ఇచ్చినవాళ్లకు పెద్దబాతుకీ పెంపుడుకోడికీ తేడా తెలియదని ఆయనే అన్నాడు. బహుమతి మాత్రం రెండు చేతులా అందుకున్నాడు.

శనివారం భార్య, పిల్ల చూడ్డానికి వచ్చారు. పిల్ల ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

“దీన్ని నిజంగా తరిమేసిందా అంకుల్?”

“తరమక? నెత్తిన పెట్టుకుంటుందా? ఎవరి రక్తం వాళ్లకు తెలుస్తుంది. ప్రకృతి అబద్ధమాడదు” అన్నాడు, చుట్టుపక్కల వాళ్లకు కూడా వినపడేలా.

“మరి తర్వాత ఎక్కడికి పోయింది?”

“ఎక్కడికో పోయుంటుంది. నాకేం తెలుసు?”

పిల్ల తలూపింది. భార్య అట్టముక్క చదివి, పాచిపోయిన కూరను చూసినట్టు ఆయన్ని ఎగాదిగా చూసింది. “మీకు తగ్గ పక్షినే వెతుక్కున్నారు” అని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు మళ్లీ గట్టు మీద తేలాడు. తరిమేశాక ఒంటరిగా తిరిగే ఆరోదాన్ని కూడా తీస్తే బహుమతి ఫొటోకు జత కుదురుతుందని ఆయన ఆశ. తీరా చూస్తే అది వరస చివరే ఉంది. ‘సిగ్గులేని జన్మ’ అనుకున్నాడు.

అంతలో ఒక కుక్క వాసన పట్టుకుంటూ గట్టు దిగింది. మగపక్షి గొంతు విప్పకుండా, మెడ సూటిగా పెట్టి, నేరుగా దాని మొహం మీదికే దూకింది. కుక్క తోక ముడిచింది. అప్పుడు ఆ పక్షి వెనక్కి తిరిగి, గొంతు చించుకుని అరుస్తూ తన వాళ్ల దగ్గరికి పరుగెత్తింది. మెడ నేలబారుగా చాచింది, ముక్కు బార్లా తెరిచింది. కానీ పెళ్లాం మొహం మీదికి కాదు, చెంప పక్కనుంచి అవతలికి. ఆమె కూడా అలాగే మెడ చాచి కేకలు పెట్టింది. పిల్లలు కీచుమంటూ మధ్యలోకి దూరాయి. ఆరోది అందరికంటే ముందు దూరింది. మగపక్షి దాని పక్కనుంచి కూడా అలాగే మెడ చాచి, అలాగే అరిచింది.

బహుమతి ఫొటో అదే. ఈకంత తేడా లేదు.

మాస్టారు కెమెరా తిప్పి, కత్తిరించక ముందటి ఫొటోలన్నీ చూశాడు. ఒకదాంట్లో ఆరోది తల్లి రెక్క కింద ఉంది. ఇంకోదాంట్లో అది వెనకబడితే తండ్రి ఆగి నిలబడింది. ఎందులోనూ తరమడం లేదు. మొహాలు చదివి పొట్టపోసుకునే మనిషికి, పలకరింపుకీ తిట్టుకీ తేడా తెలియలేదు. ఆయనకు సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎన్నడూ ఎరగడు.

దారిలో లైబ్రరీ దగ్గర ఆగాడు. ఆదివారం, తాళం వేసి ఉంది. అట్టముక్క లోపలే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పెట్టె సర్ది ఉంది.

“కింద స్టూడియోలోకి రండి, ముగ్గురం ఫొటో దిగుదాం” అన్నాడు ఆకుల టోపీ కూడా తీయకుండా.

“ఇప్పుడు గుర్తొచ్చామా?” అంది భార్య.

“పదమ్మా, బండికి ఇంకా టైముంది” అంది పిల్ల.

అట్ట మీద రాసింది తప్పని, ఆ పక్షి తరమలేదని, నోటితో చెప్తే రెండు ముక్కల పని. అది మాని, ఫొటోతో సరిపెట్టొచ్చులే అనుకున్నాడు, అదీ ఆయన ఘనత. కెమెరాను స్టాండుకు బిగించి, టైమరు నొక్కబోతూ కన్ను ఆనించి చూశాడు. తన కుర్చీ, పక్కన భార్య, ఆమెకు అవతల పిల్ల. తల్లికీ పిల్లకీ మధ్య జానెడు ఎడం. అందులోంచి నీలం తెర నిలువునా కనిపిస్తోంది. బీరువాలో ఇన్నేళ్ల ఫొటోలూ సరిగ్గా అక్కడే తెగాయి.

“అమ్మ దగ్గరికి జరుగు” అని, టైమరు నొక్కాడు. ఎర్రలైటు మిణుకుమంది.

“ఫర్వాలేదంకుల్. నేనెప్పుడూ ఇంతే వదులుతాను” అంది పిల్ల. ఎత్తిపొడుపేమీ లేదు, ఆ గొంతులో ఉన్నది సాయమే. “మీరు కత్తిరించేటప్పుడు అమ్మ భుజం తెగకూడదు కదా.”

ఆయన పరుగెత్తి కుర్చీలో కూర్చోవాలి. స్టాండు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ‘నవ్వండి’ అన్న మాట కూడా రాలేదు. భార్య ఆయన మొహం చూసింది, తర్వాత ఒక్క అంగలో కూతురి పక్కకు జరిగి దాని నడుం చుట్టూ చెయ్యి వేసింది. కెమెరా చిటుక్కుమంది.

ఆవిడే వెళ్లి కెమెరా తెర మీద చూసుకుంది. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఖాళీ కుర్చీ.

“బాగా వచ్చింది. దీన్నే ప్రింటు తీయండి” అంది. “కుర్చీ మీకు నచ్చకపోతే, అక్కడ పూలకుండీ పెట్టుకోండి.”